డిలిస్ నడిచిన కట్ట దారి

వేల్సుకీ ఇంగ్లండుకీ మధ్య ఆఫా అనే రాజు ఏ కాలంలోనో పోయించిన మట్టికట్ట డిలిస్ గిటోస్ వాళ్ల పొలాన్ని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. కట్టకు ఇటు ఇల్లూ కొట్టాలూ, అటు మేత భూములు. గొర్రెలు పొద్దున ఒక దేశంలో మేసి మధ్యాహ్నం ఇంకో దేశంలో నీళ్లు తాగుతాయి. డిలిస్ ఆ ఇంట్లోనే పుట్టింది. డెబ్భయ్యో ఏడాది వచ్చేదాకా ఆ ఇంట్లోనే ఉంది.

కట్ట వెంబడే ఉత్తరాన సముద్రం దాకా కాలిదారి ఉంది. ఎండలు మొదలైతే చాలు, ఎక్కడెక్కడివాళ్లో చేతిలో మ్యాపు పట్టుకుని, వెంట దారి చూపేవాళ్లెవరూ లేకుండా, తమంతట తాము నడవడానికి వస్తారు. వీపున నీళ్లూ రొట్టే మాత్రం ఉంటాయి. మిగతా సామానంతా డిలిస్ వ్యానులో పోతుంది. పొద్దున ఒక పబ్బు ముందు బ్యాగులు ఎక్కించుకుని, వాళ్లు సాయంత్రం చేరబోయే పబ్బు ముందు దించడం ఆమె పని. వాళ్లు రోజంతా కొండలెక్కి దిగి, చెమటోడ్చి చేరే చోటికి ఆమె టీ చల్లారేలోగా చేరేది. గొర్రెల మీద బతుకు గడవడం కష్టమైనప్పుడు మొదలుపెట్టిన పని అది. ఆ దారి పక్కనే ఇన్నేళ్లు తిరిగింది గానీ ఆ దారి మీద నడవలేదు.

అసలు నడవలేదని కూడా కాదు. పంతొమ్మిదేళ్ల వయసులో స్నేహితురాలు ఐర్వెన్‌తో కలిసి సముద్రం చూడాలని ఊరి నుంచి బయల్దేరింది. మర్నాడు మాంట్గొమెరీ దగ్గరి మైదానంలో, కంచె దాటడానికి వేసిన చెక్కమెట్టు మీద కూర్చుని ఇద్దరూ రొట్టె తింటుంటే, పొరుగాయన మోటారుసైకిలు మీద వెతుక్కుంటూ వచ్చాడు. ట్రాక్టరు తిరగబడి డిలిస్ నాన్న కాలు నుజ్జయిపోయింది. డిలిస్ ఆ మోటారుసైకిలెక్కి వెనక్కొచ్చేసింది. ఐర్వెన్ ఒక్కతే సముద్రం దాకా వెళ్లి, తిరిగొచ్చాక, "అక్కడేముందే, నీళ్లే కదా" అంది. తన మనసు నొచ్చుకోకుండా అలా అందని డిలిస్‌కు అప్పుడే అర్థమైంది.

నాన్న మంచం దిగేలోగా పని చూసుకోవడానికి కొండ అవతలి నుంచి ఐవర్ అనే కుర్రాణ్ని పిలిపించారు. మాటలు తక్కువ, చేతులు పెద్దవి. ఆ ఏడు గొర్రెలు ఈనే కాలం గడిచేదాకా ఉండమన్నారు. ఉండిపోయాడు. తర్వాత పెళ్లయింది, కూతురు పుట్టింది, నాన్న పోయాడు, కూతురు ష్రూస్‌బరీలో కాపురం పెట్టింది. ఆ మధ్యలో ఎప్పుడూ తీరిక దొరకలేదు. చలికాలం మంచు, తర్వాత ఈతకాలం, ఆ వెంటనే ఉన్ని కత్తిరింపులు, ఎండుగడ్డి. వంటింటి కిటికీలోంచి చూస్తే కట్ట మీద నడిచేవాళ్ల తలలు కనబడేవి. గిన్నెలు కడుగుతున్న డిలిస్ చేతులు కాసేపు ఆగేవి.

ఒక వసంతంలో, ఆమె వయసే ఉన్న ఒకావిడ బ్యాగు అందిస్తూ అడిగింది. "మీరైతే ఈ దారంతా ఎన్నోసార్లు నడిచే ఉంటారు. సముద్రం కనబడే ఆ చివరి కొండ ఎలా ఉంటుందండీ?"

"చాలా బావుంటుందండీ," అనేసింది డిలిస్.

వ్యాను నడుపుతున్నంతసేపూ ఆ అబద్ధం ఆమెను వదల్లేదు. ఆ సాయంత్రం ఐవర్ గుమ్మంలో బూట్లు విప్పుకుంటుంటే చెప్పేసింది.

"సముద్రం దాకా నడుస్తాను ఐవర్."

"ఎప్పుడు?"

"కత్తిరింపులు మొదలుకాకముందే."

"మరి మోకాలు?"

"అదీ నాతోనే వస్తుంది."

ఐవర్ రెండో బూటు విప్పకుండానే లేచి గొర్రెల్ని చూసొస్తానని వెళ్లిపోయాడు. మర్నాడు టీ తాగుతూ, "బ్యాగెవరు తెస్తారు?" అని అడిగాడు.

"కెల్విన్‌కి చెబుతాను." లానమనెక్ ఊరికి అవతలి నుంచి సముద్రం దాకా బ్యాగులు మోసే కుర్రాడు కెల్విన్.

"వాడా! పోయినేడు ఎవరి బ్యాగో తీసుకెళ్లి ఇంకెవరి ఊళ్లోనో దించాడు. లానమనెక్ దాకా మన వ్యానే కదా తిరిగేది. అందాకా నేను తెస్తా."

డిలిస్ నమ్మలేకపోయింది. గేట్లు తీసి వదిలేస్తారని, కుక్కల్ని వదులుతారని, నడకవాళ్లంటేనే గిట్టని మనిషి. కట్ట మీద ఎవరైనా చెయ్యి ఊపితే గొర్రెల్ని లెక్కపెడుతున్నట్టు నటించేవాడు.

మే నెలాఖరులో బయల్దేరింది. ముళ్లపొదలన్నీ తెల్లటి పూలతో విరగబూసి ఉన్నాయి. వాళ్ల పొలం దాటగానే కట్ట మనిషెత్తున లేచి, కొండ భుజమ్మీదుగా పోతుంది. ఆ తర్వాతంతా ఎక్కడమూ దిగడమే. ఒక లోయలోకి దిగి వాగు దాటితే ఎదురుగా గోడలా ఇంకో కొండ. వ్యానులో పోయేటప్పుడు ఈ కొండలన్నీ ఎక్కడ దాక్కున్నాయో ఆమెకు అర్థం కాలేదు. గాలికి గడ్డి వంగుతోంది. ఎక్కడో వంపు ముక్కు పిట్ట సన్నగా, పొడుగ్గా కూస్తోంది. చిన్నప్పటి నుంచి వింటున్న కూతే, కానీ ఆ రోజు తనను పేరు పెట్టి పిలిచినట్టనిపించి, ఒక కంచె మెట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. ఎందుకో తెలియదు. కళ్లు తుడుచుకుని జున్ను రొట్టె తిని మళ్లీ లేచింది.

సాయంత్రం కుంటుకుంటూ పబ్బు చేరేసరికి వ్యాను పెరట్లో ఉంది. ఐవర్ లోపలే స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. పక్క సీట్లో నెల్, వాళ్ల కుక్క.

"బ్యాగులో ఏం పెట్టావమ్మాయ్, గొర్రెపిల్లనా?" డెబ్భై ఏళ్లొచ్చినా ఐవర్‌కు ఆమె అమ్మాయే.

"మోయలేకపోయావా?"

"ఇంత బరువేసుకొచ్చారేంటని అందర్నీ తిట్టేదానివి. ఇప్పుడు చెప్పు."

"సరేలే, లోపలికి రా. మీట్ పై తిందాం."

"నాకక్కడ పనేముంది?" అన్నాడు గానీ వచ్చాడు. మాంసం కూరి కాల్చిన ఆ పై మొత్తం తిని, ఆమె పళ్లెంలో మిగిలిన బంగాళాదుంపలూ లాక్కున్నాడు. పొద్దుండగానే గొర్రెల కోసం ఇంటికి వెళ్లిపోయాడు.

రెండో రోజు కొండలు దిగి మైదానంలోకొచ్చింది. కట్ట గోధుమ చేల మధ్య ఓక్ చెట్లను మోస్తూ తిన్నగా పోతోంది. ఆ చెక్కమెట్టును డిలిస్ దూరం నుంచే పోల్చుకుంది. చెక్క కొత్తది, చోటు మాత్రం అదే. ఎక్కి అవతలి వైపు దిగింది. అక్కడి నుంచి ప్రతి గజమూ ఆమెకు కొత్తదే. యాభై ఏళ్లుగా ఊహించుకున్న చేలు, మామూలు చేలే, పచ్చగా కళ్ల ముందున్నాయి.

ఆ సాయంత్రం మాంట్గొమెరీలో తింటూ చెప్పింది. "ఇవాళ ఆ మెట్టు దాటాను. మోటారుసైకిలు మీద నన్ను వెనక్కి తీసుకెళ్లిన చోటు."

ఐవర్ ఫోర్కు పక్కన పెట్టాడు. "ఆ రోజు ఆ ట్రాక్టరు తిరగబడకపోతే నన్ను పిలిచేవాళ్లే కాదు."

"కాదు."

"నీకు సముద్రం బదులు నేను దొరికాను." నవ్వుతూ అనబోయాడు, నవ్వు కుదర్లేదు.

"ఇన్నేళ్లూ ఇదే అనుకుంటున్నావా?"

"గిన్నెలు కడుగుతూ కట్టకేసి చూసేదానివి. నేను బయట కంచె కడుతూ నిన్ను చూసేవాణ్ని. ఏ పొద్దు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతావోనని ఉండేది."

అలాంటిదేమీ లేదని చెప్పేస్తే సరిపోయేది. కానీ చివరి కొండ గురించి ఆ బ్యాగావిడకు చెప్పిన అబద్ధం బరువే ఇంకా దిగలేదు. "కొన్ని రోజులు నాకూ అలాగే అనిపించింది ఐవర్. అన్ని రోజులూ కాదు."

"ఏ రోజులు?"

"గొర్రెలు ఈనేటప్పుడు. అందులోనూ వాన పడుతుంటే."

ఐవర్‌కు నవ్వొచ్చేసింది. పక్క బల్ల దగ్గరివాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. "ఆ రోజుల్లో అయితే నాకూ వెళ్లిపోవాలనే ఉండేది," అన్నాడు.

మూడో సాయంత్రం అతను తలకు నీళ్లు రాసి దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఇస్త్రీ లేదు. డిలిస్ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆమె గదిలోకి వెళ్లకముందే, "కాలవ గట్టు మీద నాలుగడుగులు వేద్దామా?" అని అడిగాడు. రోజంతా నడిచిన మనిషిని ఆ మాట అడగొచ్చో లేదో అతనికి తోచలేదు. ఆమెకూ అలసట గుర్తు రాలేదు. బాతులు నెల్‌ను చూసి అరుస్తుంటే ఇద్దరూ మెల్లగా నడిచారు. పెళ్లికి ముందు వాళ్లకు ఇలాంటి నడకలు లేవు. ఒకే కొట్టంలో, ఒకే బురదలో, పని మధ్యలోనే పెళ్లి సంగతి మాట్లాడుకున్నారు. "నా చేయి పట్టుకో, కాలు జారుతుంది," అన్నాడు ఐవర్. గట్టు పొడిగానే ఉంది.

లానమనెక్‌లో వ్యాను సరిహద్దు అయిపోయింది. ఐవర్ బ్యాగును పబ్బు మెట్ల మీద పెట్టి, కెల్విన్‌కు ఫోను చేసి పెద్దగా అరిచాడు. "మా ఆవిడ బ్యాగురా. బురదలో పడేశావో, చూస్కో!" తర్వాత చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"సముద్రం దగ్గరికి రాకూడదూ?" అడిగింది.

"కత్తిరింపువాళ్లు ఆ వారంలోనే వస్తామన్నారు." వ్యాను తలుపు తీస్తూ, "అది నీ నడకమ్మాయ్. నువ్వు పోయి చూడు," అని వ్యానెక్కాడు. మలుపు తిరిగేదాకా నెల్ కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉంది. అతను చూడలేదు.

ఆ తర్వాతి దారి ఆమె ఊహించుకున్నదానికన్నా గొప్పగా ఉంది. సున్నపురాతి కొండచరియల నడుమ బెత్తెడు బాట, కింద లోయలో నది. కాలు దిగబడే చిత్తడినేల మీద వరసగా పరిచిన చెక్కల బాట, చుట్టూ మనిషన్నవాడు లేని బీడు. ఇవన్నీ ఎవరికైనా చెప్పాలనిపించేది. సాయంత్రం ఊరు కనబడగానే కళ్లు పబ్బు పెరటికేసి పరిగెత్తేవి. అక్కడ కెల్విన్ ఎర్ర బండి ఉండేది.

"ఆంటీ డిలిస్, నీ బ్యాగు సేఫ్! అంకుల్ రోజుకి రెండుసార్లు ఫోను చేసి చంపుతున్నాడు."

"ఏమంటాడు?"

"కుంటుతోందా, తిందా, అని. ఆంటీకే చెయ్యొచ్చుగా అంటే, డబ్బులు దండగంటాడు."

డిలిస్ నవ్వి గదిలోకి వెళ్లి, బూట్లు విప్పకుండా మంచం మీద కూర్చుంది. పాదాలు సలుపుతున్నాయి. అంతకన్నా ఎక్కువగా ఇంకేదో సలిపింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ దారి కోసం ఇలాగే ఉండేది. ఇప్పుడది పెరట్లో ఆగిన ఒక పాత వ్యాను కోసం.

చివరి కొండ మీద ఈదురుగాలి. దూరంగా బూడిదరంగు గీత ఒకటి కనిపించింది. ముందు మబ్బనుకుంది. తర్వాత అందులో ఓడ కదిలింది. డిలిస్ ఆ గాలిలో చాలాసేపు నిలబడింది. ఎవరైనా అడిగితే ఇప్పుడు నిజంగానే చెప్పగలదు. కానీ బావుంటుందన్న మాట చాలదు. ఇంకో మాటేదో కావాలి.

మర్నాడు ప్రెస్టాటిన్ చేరేసరికి సముద్రం ఆటుకు వెనక్కి తగ్గి ఉంది. బూట్లు చేత పట్టుకుని తడి ఇసకలో చాలా దూరం నడిస్తే గానీ నీళ్లు అందలేదు. చల్లటి నీళ్లు బొబ్బల మీదికి రాగానే "అబ్బా" అని గట్టిగా అరిచి, అక్కణ్నుంచే ఫోను చేసింది.

"ఎక్కడున్నావ్?" అవతల గొర్రెల గోల.

"సముద్రంలో."

"లోతుకు పోకు!"

"చీలమండ దాకానే ఐవర్. నువ్వుంటే బావుండేది."

గొర్రెల్ని చూస్తుండమని అవతల ఎవరికో చెప్పాడు. తర్వాత, "రైలు దొరికితే చెప్పు. స్టేషనుకొస్తా," అన్నాడు.

వచ్చాడు. ఉన్ని నూనె వాసన కొడుతూ, కత్తిరింపువాళ్లను టీ దగ్గర వదిలేసి వచ్చాడు. ఆమె బ్యాగు అందుకుని, "ఏదీ, అలాగే ఉన్నావే," అన్నాడు. మర్నాటి నుంచే డిలిస్ ఉన్ని చుట్టలు కట్టింది, ఆ తర్వాత మళ్లీ బ్యాగులు మోసింది.

అంతా మునుపటిలానే ఉంది, ఒక్కటి తప్ప. సాయంత్రం పరాయివాళ్ల బ్యాగులు దించుతుంటే ఆమెకు ఆ నాలుగు పూటలూ గుర్తొచ్చి గుండె లాగేది. ఐవర్ ఇంట్లోనే ఉన్నాడు, బల్లకు అవతల కూర్చుని రోజూ తింటున్నాడు. అయినా లాగేది.

జులైలో వాన పట్టుకుని గడ్డి పని ఆగిన రోజున, "ఆ చొక్కా వేసుకో, వెళ్దాం పద," అంది.

"ఎక్కడికి?"

"మాంట్గొమెరీకి. మీట్ పై తినడానికి."

"మనింట్లో పొయ్యి లేదా?"

"ఉంది. వేసుకో."

గొణుక్కుంటూ వేసుకున్నాడు. దారంతా వాన. పబ్బులో అప్పుడు వాళ్లు తిన్న బల్ల దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. తడిసిన నడకవాళ్లు, బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఐవర్ వాళ్లకేసి చూసి, ఎప్పుడూ లేంది, తనే పలకరించాడు. "సముద్రం దాకానా?" వాళ్లు అవునన్నారు. "మా ఆవిడా వెళ్లొచ్చింది," అని పక్క కుర్చీ లాగి డిలిస్‌ను కూర్చోబెట్టాడు.