సారు ఇవ్వని బొమ్మలు

మా డ్రాయింగ్ సారు పోయారన్న కబురు నాకు కాలనీ వాళ్ల ఫోన్ గ్రూపులో వచ్చింది. "పాత పుస్తకాల పిచ్చి సార్ ఇక లేరు" అని ఎవరో పెట్టారు. దాని కింద వరసగా దండాల బొమ్మలు. గోదావరిఖనిలో ఇన్ని వందల మంది పిల్లల చేత పెన్సిల్ పట్టించిన మనిషికి చివరికి మిగిలిన పేరు అదా అని ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకే ఇది రాస్తున్నాను.

సారు ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న క్వార్టర్లు. మా నాన్న బాయిలోకి దిగి బొగ్గు తీసేవాడు; సారు మాకు బడిలో బొమ్మలు నేర్పేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆయన అక్క ఆయనతోనే ఉండేది. కాలనీ అంతా ఆమెను ఆపా అనే పిలిచేది. సారు సేకరించినవి యుద్ధాల చరిత్ర పుస్తకాలు. అదీ బొమ్మలున్నవి, వందేళ్లు దాటినవి. కోటల ముట్టడులు, ఫిరంగులు లాగే ఏనుగులు, రంగురంగుల ఉడుపుల్లో సిపాయిలు. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసి, తర్వాత ఒక్కొక్కదానికీ చేత్తో రంగులద్దిన బొమ్మలు. సెలవు దొరికితే చాలు, రామగుండంలో రైలెక్కి హైదరాబాద్ పోయేవారు. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలన్నీ తిరగేసి, ఒక్కటి దొరికినా పండగ చేసుకుంటూ వచ్చేవారు.

అవి చూడాలంటే ముందు సబ్బుతో చేతులు కడగాలి. తడి పూర్తిగా ఆరేదాకా నిలబడాలి. సారు పేజీ తిప్పి, మెత్తటి కుంచెతో బొగ్గు దుమ్ము ఊడ్చి, అప్పుడు దగ్గరికి రమ్మనేవారు.

"యుద్ధాలంటే అంత ఇష్టమా సార్?" అని ఒకసారి అడిగాను.

ఆయన నవ్వలేదు. కోటగోడ కింద కూలిన ఒక గుర్రాన్ని చూపించారు. "దీని కన్ను జూడు బిడ్డా. గెలిచినోని పేరు కింద పెద్దగ అచ్చేసిన్రు. గీ గుర్రం భయపడ్డదని మాత్రం గీసినోడొక్కడే చెప్పిండు. నేను గాయన కోసం కొంటున్న."

ఎవరైనా ఘనంగా గెలుపు కథ చెబితే, అందులో కిందపడ్డది ఎవరా అని నా కళ్లు ఇప్పటికీ వెతుకుతాయి. అది సారు పెట్టిన భిక్ష.

రెండేళ్ల కిందట ఊళ్లోని ఒక క్లబ్బువాళ్లు తమ వేడుకలో ప్రదర్శన పెడతామని వచ్చారు. అద్దాల పెట్టెలో ఉంచుతామన్నారు. సారు నమ్మి, తన దగ్గరున్న వాటిలోకెల్లా పెద్దదాన్ని, దక్కన్ కోటల పుస్తకాన్ని ఇచ్చారు. వేడుక అయిపోయిన చాలా రోజులకు అది తిరిగొచ్చింది. చేతిలోకి తీసుకోగానే సారు ముఖం మారిపోయింది. పుస్తకం తేలికైపోయింది. తెరిస్తే ఒక్క బొమ్మ లేదు. కుట్టు పక్కనుంచి బ్లేడుతో కోసేశారు.

నేనూ ఆయన వెంట క్లబ్బుకు వెళ్లాను. బొమ్మలన్నీ భోజనాల హాల్లో బంగారు రంగు ఫ్రేముల్లో వేలాడుతున్నాయి. ఫ్రేములో పట్టలేదని కొన్నిటి అంచులు కూడా కత్తిరించారు. కింద ఇత్తడి పలక మీద 'దాత' అని, పక్కన సారు పేరు!

కార్యదర్శి కుర్చీలోంచి లేవనైనా లేదు. "గరం గాకుండ్రి సార్. పుస్తకంల పడి ఉంటే ఎవరు జూస్తరు? గోడకుంటే పదిమంది జూస్తరు. మీ పేరు గూడ పెట్టినం గద."

"నేనియ్యలే. మీరు కోసుకున్నరు. రెండిటికి ఫరక్ లేదా?"

"బొమ్మలే గద సార్!"

"అవును, బొమ్మలే. గవి తప్ప జిందగీల నేనేం కొనుక్కోలే."

అంతే. స్టూలు లాక్కుని ఎక్కి, ఒక్కొక్క ఫ్రేమూ దింపడం మొదలుపెట్టారు. పోలీసులను పిలుస్తానన్నాడు కార్యదర్శి. "పిలువు. వాళ్లకు గూడ జూపిస్త" అన్నారు సారు. ఎవరూ రాలేదు. నేను కింద నిలబడి అందుకున్నాను. అన్నీ ఆటోలో వేసుకుని వచ్చాం.

అంతకంటే ఘోరం ఆ తర్వాత విన్నాను. కోసినవాణ్ణి ఒక్కరూ తిట్టలేదు. "కాయితాల కోసం గంత లొల్లి అవసరమా?" అని సారునే తప్పుపట్టారు. నిలబెట్టిన బండి అద్దం పగిలితే వీధి వీధంతా లేస్తుందే, పుస్తకాన్ని కోస్తే ఎవరికీ నొప్పి లేదేం?

ఆపా మైదా జిగురు ఉడికించి ఇచ్చేది. పల్చటి కాగితం పట్టీలతో సారు బొమ్మలను మళ్లీ వాటి వాటి చోట్ల అతికించారు. పోయిన అంచులు మాత్రం రాలేదు. ఒక కోటకు బురుజు సగమే మిగిలింది. అతుకులు కనబడకుండా చెయ్యొచ్చు కదా అన్నాను. "కనబడనియ్యి" అన్నారు. "దాస్తే మల్ల కోస్తరు."

ఈ చలికాలం ఊపిరాడక దవాఖానలో చేరారు. ఇంటికి రాలేదు.

సంతాప సభను ఆ క్లబ్బే పెట్టింది. ఆ కార్యదర్శే మైకు పట్టుకుని, "మా సంస్థకు అపురూప చిత్రాలు బహూకరించిన మహా దాత" అన్నాడు. ఇక కూర్చోలేక లేచాను.

"సారు ఇయ్యలే. మీరు బ్లేడుతో కోసుకున్నరు. సారు దింపుకపోయిండు. నేనే అందుకున్న."

"సంతాపంల గీ పంచాయితీ ఏందమ్మా?" అని వెనక నుంచి ఎవరో గదమాయించారు. ముందు వరసలో ఉన్న ఆపా వెనక్కి తిరిగింది. "గిది సంతాపమన్న సోయి అబద్ధమాడేటోనికి లేదా? గీ పిల్లనెందుకు అంటున్నరు?"

కార్యదర్శి దగ్గి, ఇంకొకరిని మాట్లాడమని పిలిచాడు. క్షమాపణ లేదు. బొమ్మల్లేని ఆ గోడకు ఇత్తడి పలక నేటికీ ఉంది. రేపు దాన్ని చదివేవాళ్లు నమ్మేస్తారు. అందుకే అచ్చులో చెబుతున్నాను: మా సారు దాత కాదు. ఆయన సొమ్ము కోసుకుపోతే, వెళ్లి తెచ్చుకున్న మనిషి.

పోయిన వారం ఆపాను తన దగ్గరికి తీసుకుపోవడానికి ఆమె కూతురు కొత్తగూడెం నుంచి కారు తెచ్చింది. పుస్తకాలను దుప్పట్లలో చుట్టి డిక్కీలో సర్దాం. కోటల పుస్తకాన్ని మాత్రం ఆపా మా చేతికివ్వలేదు. వెనక సీట్లో ఒళ్లో పెట్టుకు కూర్చుంది. బొగ్గు లారీ వెనకాల కారు మెల్లగా మలుపు తిరిగింది. కిటికీలోంచి ఎండ లోపలికి పడింది. ఆపా తల మీది కొంగు తీసి పుస్తకం మీద కప్పడం కనిపించింది.