వెనక సీట్లో నేను

మా జీపులో నాకు రెండు చోట్లు ఉండేవి. తారు రోడ్డు మీద ఆయన పక్కన, ఎర్రమట్టి ఎత్తు వస్తే వెనక. ఇనుప గనుల బచేలి టౌన్‌షిప్ దాటి కొండవైపు తిరిగే బాటల్లో వాన పడిందంటే చాలు, ఖాళీ జీపు వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతూ మట్టి చిమ్మేవి. ఇంజను బరువు ముందు, బండిని తోసే చక్రాలు వెనక. వాటికి పట్టు దొరకాలంటే వాటి మీద బరువు పడాలి. ఇక్కడ అందరూ బియ్యం బస్తానో రాళ్ళో వేసుకుంటారు. మా ఆయన నన్ను వేసుకున్నారు.

ఎత్తు మొదట్లో బండి ఆపి, "ఎనక్కెల్లి కూకో" అనేవారు. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బురదలో దిగి, వెనక తలుపు తీసి ఎక్కి కూర్చునేదాన్ని. బండి ఓసారి జారి, పట్టు దొరికాక మూలుగుతూ ఎక్కేది. పెళ్ళాన్ని బస్తాలా వాడుకునే మగాణ్ణి మా విజయనగరం వైపు ఎక్కడా చూడలేదని దెప్పేదాన్ని. నేను ఒళ్ళు చేస్తున్నకొద్దీ బండి బాగా ఎక్కుతోందని ఆయన నవ్వేవారు.

ఆయన గనిలో డంపరు నడిపేవారు. జీపు చేసిన కంపెనీ అంటే ఆయనకి భక్తి. దాని బండి అంటే వెనక చక్రాలే తొయ్యాలి, అంతే. అలాంటిది ఆ కంపెనీ ముందు చక్రాలతో నడిచే చిన్న కారు తెస్తోందని విన్నరోజు అన్నం దగ్గర కూడా గొణుగుతూనే ఉన్నారు. ఇంటిపేరు మార్చుకున్నట్టుందన్నారు. నేను కావాలనే ఎదురు చెప్పాను. ఇప్పుడందరూ తారు రోడ్ల మీదే తిరుగుతున్నారు, బండిలో ఒకరో ఇద్దరో ఉంటున్నారు, కంపెనీ కొనేవాళ్ళని చూసుకోవాలా, మిమ్మల్ని చూసుకోవాలా అని అడిగాను.

"కొండెక్కినప్పుడు బరువంతా ఎనక్కే పోద్ది. ముందు సక్రాలకి పట్టెక్కడుంటాది?" అన్నారాయన.

ఆ వాదన మా ఇంట్లో చాలాకాలం నడిచింది. కూరలో ఉప్పెక్కువైన రోజు కూడా మాట అటే మళ్ళేది. నాకు బజారులో హిందీ, పనమ్మాయితో ఇక్కడి హల్బీ భాష, నేను పాఠాలు చెప్పే బళ్ళో పిల్లలతో అన్నీ కలిపి. తెలుగులో పోట్లాడుకోవడానికి ఆయనొక్కరే ఉండేవారు.

ఒకనాడు డ్యూటీకి బయల్దేరుతూ గుండె పట్టుకుని కూలబడ్డారు, మళ్ళీ లేవలేదు. మా చర్చి సంఘం వాళ్ళు ఆయన్ని ఊరవతల సమాధుల తోటలో పెట్టారు. ఆ తోట కొండ వాలు మీద ఉంది, బాటంతా ఎర్రమట్టి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నేర్పిన డ్రైవింగుతోనే జీపులో వెళ్ళొచ్చేదాన్ని. వానలు మొదలయ్యాక ఒకరోజు ఎత్తు మధ్యలో వెనక చక్రాలు తిరుగుతూ ఉండిపోయాయి. ముందు కూర్చుని నడపాల్సిందీ నేనే, వెనక కూర్చోవాల్సిందీ నేనే. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

నడిచి ఎక్కుదామంటే మోకాళ్ళు సహకరించవు. కొండ మీంచి దొర్లిపడిన ఇనుపరాళ్ళు ఏరి వెనక వేసుకోబోతే నడుం పట్టేసింది. చూడ్డానికి చిన్నవే, ఎత్తితే తెలుస్తుంది. వానాకాలం సగం ఆయన దగ్గరికి వెళ్ళకుండానే గడిచింది. ఇక లాభం లేదని జగదల్‌పూర్ షోరూముకి ఫోను చేశాను. ఆయన తిట్టిన ఆ కారే తెమ్మన్నాను. నడిపి చూసేది సమాధుల తోట ఎత్తు మీదేనని కూడా చెప్పాను.

కారు తెచ్చినతను సరిహద్దు దగ్గరి ఎర్రబోరు వైపు మనిషి, తెలుగు మాట్లాడతాడు. నా పక్కన కూర్చున్నాడు. ఎత్తు మొదలవగానే నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. వెనక్కెళ్ళి కూర్చోమన్నాను.

"ఎందుకమ్మా? దీనికి ఇంజనూ ముందే, గుంజే చక్రాలూ ముందే. వెనక ఎవ్వరు లేకున్నా ఎక్కుతది" అన్నాడు.

ఎక్కింది. అతన్ని కార్లోనే ఉండమని ఆయన దగ్గరికి వెళ్ళి, "ఓడిపోయారండీ మీరు" అన్నాను. ఆయనే ఉంటే వెంటనే అందుకునేవారు, బండి వెనక నిండా జనాన్ని ఎక్కించి అప్పుడు చెప్పమని. అదీ నిజమే కావచ్చు. కానీ నిండా ఎక్కడానికి నాకు జనం ఏరీ? కంపెనీ దారి మార్చుకోవడం తప్పని నేననలేను. నాలా ఒక్కరే తిరిగేవాళ్ళని చూసే మార్చుకుని ఉంటుంది. గెలిచినందుకు మాత్రం నాకేమీ సంతోషం కలగలేదు.

జీపు వాళ్ళకే ఇచ్చేసి కారు తీసుకున్నాను. మొదటి ఆదివారమే జోరువాన. ఎత్తు దగ్గర ఆపి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగి, వెనక తలుపు తీసి ఎక్కి కూర్చున్నాను. కూర్చున్నాక గానీ తెలియలేదు నేనేం చేశానో. ముందు సీట్లో ఎవరూ లేరు. వాన తగ్గేదాకా అలాగే ఉండిపోయాను.

తర్వాత ముందుకి వచ్చి బండి తీశాను. ఒక్కసారైనా జారుతుందేమోనని చూశాను. జారలేదు.