తీసిపెట్టిన వైరు

పోయిన వారం మా వీధి చివర మెకానిక్ షెడ్డు ముందు నుంచి నడుస్తుంటే ఒక పుల్లటి వాసన గొంతుకు తగిలింది. బ్యాటరీని చార్జింగుకు పెట్టి మూతలు తీసి ఉంచితే వచ్చే వాసన అది. ముక్కు కంటే ముందు గొంతుకు తెలుస్తుంది. నాలుగు నెలలుగా కదలని కారు తాలూకు బ్యాటరీ అట. "మూలన పెట్టేటప్పుడు ఒక వైరు తీసిపెట్టమంటే వినరు సార్" అన్నాడు మెకానిక్. నేను తల ఊపి వచ్చేశాను. ఆ మాట నాకు మొదట చెప్పినవాడు మస్తాన్ సాయిబు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గురించి రాద్దామని ఎన్నోసార్లు కూర్చుని, రాయవలసిన అసలు సంగతి దగ్గరకు వచ్చేసరికి లేచిపోయాను. ఈసారి లేవకూడదనుకుంటున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివర నేను అల్లూరుకు తూర్పున, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేరాను. నాకు ఇరవై మూడేళ్ళు. ఊళ్ళో పెద్ద ఇల్లు రెడ్డిగారిది. ఆయన మద్రాసులో ఉండేవాడు. కోతలప్పుడో, నెల్లూరు కోర్టులో పనిపడినప్పుడో ఏడాదికి రెండు మూడు సార్లు వచ్చి కొద్ది రోజులుండి పోయేవాడు. ఇల్లు కనిపెట్టుకుని ఉండమని వీధి గది నాకిచ్చి అద్దె తీసుకోలేదు. ఇంటి తాళాలన్నీ నా దగ్గరే. పెరట్లో ఒక షెడ్డు, అందులో ఆయన పాత కారు, దానికి డ్రైవరు మస్తాన్ సాయిబు. ఆయనకు అప్పటికే యాభై అయిదు దాటాయి. భార్య పోయింది. ఒక్కతే కూతురు ఖాజాబీని కోట అనే ఊళ్ళో ఇచ్చాడు. షెడ్డు పక్కన చిన్న పాకలో ఒంటరిగా ఉండేవాడు.

ఏడాదిలో నెల రోజులు తిరిగే కారుకు మిగిలిన పదకొండు నెలలూ ప్రాణం నిలపడమే ఆయన ఉద్యోగం. ఊరికి కరెంటు లేదు. బ్యాటరీ దిగిపోతే ఎద్దుల బండి కట్టించి అల్లూరు రైసుమిల్లు దాకా తీసుకుపోయి చార్జి చేయించుకు రావాలి. సముద్రపు గాలికి బ్యాటరీ కొనల మీద పచ్చగా చిలుము పట్టేది. వేడినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గ్రీజు రాసేవాడు. చార్జి ఎంతుందో తెలియడానికి ఒక గాజుగొట్టంలోకి యాసిడ్ పీల్చి వెలుతురుకు పట్టి, లోపల తేలే బుడ్డి ఎంత ఎత్తున నిలిచిందో చూసేవాడు. చూసిన ప్రతిసారీ మొదటిసారి చూస్తున్నట్టే చూసేవాడు. శుక్రవారం నమాజుకు అల్లూరు పోవాలి, అదే రోజు కారును కూడా ఆరు మైళ్ళు తిప్పాలి. అయినా నమాజుకు సైకిలు మీద పోయి వచ్చేవాడు. వచ్చిన తర్వాత కారు తీసేవాడు. ఖాళీ కారు ఊరి మధ్య నుంచి పోతుంటే చిల్లరకొట్టు సుబ్బయ్య ఎగతాళి చేసేవాడు.

"ఏం సాయిబూ, కారుకు గాలి తాగిస్తుండావా?"

"నువ్వూ ఎక్కు సుబ్బయ్యా. నీ నోట్లో గాలి గుడా పనికొస్తది."

ఇంత తిప్పడం దేనికి, షెడ్డులోనే ఇంజను వేసి ఆపేస్తే చాలదా అని నేనొకసారి అడిగాను. "స్టార్టు చేసేదానికి అది ఇచ్చింది చానా ఉంటది అయ్యవారూ. వెంటనే ఆపేస్తే మనం తీసుకునిందే గానీ తిరిగి ఇచ్చింది లేదు. రోడ్డు మీద తిప్పితేనే దానిది దానికి చేరేది" అన్నాడు. ఎక్కువ రోజులు కదిలించే పని లేకపోతే ఒక వైరు విప్పి పక్కకు వంచి పెట్టేవాడు. రెండూ తగిలించి ఉంటే ఏదో ఒక దారిన కొంచెం కొంచెం కారిపోతూనే ఉంటుందట.

ఆయనకు చదువు రాదు. సాయంత్రాలు నా గది ముందు కూర్చుని నేను చదువుతున్నదేమిటో చెప్పించుకునేవాడు. ఒకరోజు నేను బడి హాజరు పట్టీలో వారం మొత్తానికీ ఒకేసారి గీతలు గీస్తుంటే చూసి, నవ్వకుండా అడిగాడు. "పిలకాయల్ని పిలిచి గీస్తారా, గీసినాక పిలుస్తారా అయ్యవారూ?" మర్నాటి నుంచి పేరు పేరునా పిలిచి గీశాను. ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో మళ్ళీ పిలవకుండా గీత గీయలేదు. పని ఎవరూ చూడనప్పుడు కూడా పనేనని నాకు తెలిసింది ఆయన వల్ల. నేనాయనకు చేసింది ఇక చెప్పాలి.

ఖాజాబీకి కాన్పు రోజులు దగ్గర పడ్డాయని కబురొస్తే ఆయన కోటకు బయలుదేరాడు. పోయే ముందు షెడ్డు తాళం నా చేతికిచ్చాడు. "బ్యాటరీ నిండా ఉండాది. ఒక వైరు తీసిపెట్టినాను. మీరేం చెయ్యబళ్ళా. పొద్దున పూట తలుపు తీసి కాస్త గాలి తగలనియ్యండి, చాలు." ఆ వైరు ఆయన విప్పుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. స్పానరు అందించింది నేనే.

ఆయన వెళ్ళిన మూడో రోజు నాకు రేడియో కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. మా వైపు ఉప్పు పండించే కొటార్ల మీద నేను రాసి పంపిన చిన్న వ్యాసాన్ని ఫలానా సాయంత్రం చదువుతారని. అచ్చులో గానీ గాలిలో గానీ నా మాట బయటకు రావడం అదే మొదలు. రెడ్డిగారి హాల్లో రేడియో ఉంది. దానికి వేరే బ్యాటరీ లేదు. రెడ్డిగారు వచ్చినప్పుడు మస్తాన్ సాయిబు కారు బ్యాటరీ తెచ్చి తగిలించేవాడు, మర్నాడు కారు నెల్లూరు పోయి వచ్చేసరికి లోటు పూడిపోయేది. ఎట్లా తగిలించాలో నేను చాలాసార్లు చూశాను.

ఆ సాయంత్రం బ్యాటరీ మోసుకొచ్చి, హాలు తలుపులు వేసుకుని, చిన్నగా పెట్టుకుని విన్నాను. వ్యాసం అయిదు నిమిషాలు కూడా రాలేదు. చివరి పేరా తీసేశారు. నా పేరు తప్పు పలికారు. అయినా ఒళ్ళు వేడెక్కింది. అక్కడితో ఆపి బ్యాటరీ తిరిగి పెట్టేసి ఉంటే ఇంత జరిగేది కాదేమో. ఆపలేదు. ఆ ఊళ్ళో నాతో పుస్తకాల గురించి మాట్లాడేవాళ్ళు లేరు. రేడియోలో ఉన్నారు. తొమ్మిది సాయంత్రాలు తలుపులు వేసుకుని విన్నాను. తొమ్మిదో రోజు రేడియో గొంతు సన్నబడి, గరగరలాడి, ఆగిపోయింది. బండి కట్టించి అల్లూరు పంపితే ఊరందరికీ తెలుస్తుంది. బ్యాటరీని కారులో పెట్టేశాను. తొందరలో రెండు వైర్లూ బిగించాను.

మర్నాటి సాయంత్రం మస్తాన్ సాయిబు, మనవడు పుట్టాడని బెల్లం పట్టుకుని తిరిగొచ్చాడు. అదే సాయంత్రం బస్సులో రెడ్డిగారు దిగాడు. పొద్దున పది గంటలకు నెల్లూరు కోర్టులో ఉండాలన్నాడు. నిద్ర పట్టక నేను తెల్లవారకముందే లేచి కూర్చున్నాను. మస్తాన్ సాయిబు వైరు బిగించడానికి స్పానరుతో బానెట్ ఎత్తాడు. ఎత్తి, అట్లాగే కాసేపు నిలబడిపోయాడు. వైరు బిగించే ఉంది. నేను అరుగు మీద నుంచి ఆయన వీపు చూస్తున్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. చెప్పలేదు.

స్టార్టరు ఒకసారి టక్కుమంది. మళ్ళీ ఏమీ లేదు.

"ఏం మస్తాన్, పనేముందని నీకు? ఉండే ఒక్క బ్యాటరీ చూసుకోలేకపోతివా?" అన్నాడు రెడ్డిగారు, గడియారం చూసుకుంటూ.

"ఒక్క నిమిషం అయ్యా" అని ఆయన ముందుకు పోయి ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పడం మొదలుపెట్టాడు. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే పెట్టాలని, చుట్టి పట్టుకుంటే ఇంజను ఎదురుతన్నినప్పుడు చెయ్యి తప్పించుకోలేమని నాకు చూపించినవాడు ఆయనే. ఆ రోజు రెండు సార్లు తిప్పినా ఇంజను అందుకోలేదు. రెడ్డిగారు మళ్ళీ ఏదో అన్నాడు. మూడోసారి ఆయన పిడికిలి బిగించి చుట్టి పట్టుకున్నాడు. హ్యాండిల్ ఎదురుతిరిగింది. ఆయన కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని బంపరు పక్కన కూర్చుండిపోయాడు. మణికట్టు ఉండవలసిన తీరులో లేదు.

రెడ్డిగారు బండిలో బస్సు రోడ్డుకు పోయాడు. ఊళ్ళో ఎముకలు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. నేను రోజూ గంజి తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి. అయిదో రోజో ఆరో రోజో అడిగాడు.

"అయ్యవారూ, నేను కోటకు పోయేటప్పుడు వైరు తీసినానా? మీరు ఆడే ఉండారు గదా."

ఆయన నన్ను అనుమానించి అడగలేదు. తన జ్ఞాపకానికి సాక్షి కోసం అడిగాడు. గది పోతుంది, ఉద్యోగానికి మాట వస్తుంది, ఊరు నవ్వుతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో ఆలోచించాను.

"నేను సరిగ్గా గమనించలేదన్నా" అన్నాను.

ఆయన కట్టు వైపు చూసుకున్నాడు. "తీసినట్టే ఉండాది నాకు. స్పానరు గుడా మీరు ఇచ్చినట్టే ఉండాది. అయితే తియ్యలేదేమో. కంటితో చూసినాను గదా, బిగించే ఉండె."

చెయ్యి వంకరగా అతుక్కుంది. దానికంటే పాడైంది వేరే ఉంది. అప్పటి నుంచి ఆయన తన చేతులను నమ్మలేదు. షెడ్డు తాళం వేసి నాలుగడుగులు పోయి వెనక్కి వచ్చి లాగి చూసేవాడు. పొయ్యి ఆర్పి మళ్ళీ పోయి చూసేవాడు. వైరు తీసిన ప్రతిసారీ నన్ను పిలిచేవాడు. "తీసినాను గదా అయ్యవారూ? చూసినారు గదా?" నేను చూసి, తీశావన్నా అని చెప్పేవాణ్ణి. అడగవలసిన అవసరం కల్పించినవాడూ, జవాబు చెప్పేవాడూ నేనే. ఏడాది గడవకముందే "నా తలకాయ నిలకడగా లేదయ్యా" అని రెడ్డిగారికి తనే చెప్పి మానుకున్నాడు. పోయే ముందు వారం రోజులు బ్యాటరీ పనంతా నాకు నేర్పి, గాజుగొట్టం నా చేతిలో పెట్టి, "మీరైతే మరిచిపోరు" అన్నాడు.

ఆరేళ్ళ తర్వాత, నాకు ట్రాన్స్‌ఫర్ అయిన ఏడు, కోట వెళ్ళాను. మంచంలో ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు. ఇంకేమీ మాట్లాడకముందే మొత్తం చెప్పేశాను: ఉత్తరం, రేడియో, తొమ్మిది సాయంత్రాలు, రెండు వైర్లు. ఆయన కళ్ళు చికిలించి వింటూ, చివరికి నవ్వాడు.

"నా మనసు తేలిక చెయ్యాలని ఇంత దూరం వచ్చినారా?"

"కాదన్నా, నిజం. బ్యాటరీ తీసింది నేనే."

"ఆ పొద్దు రేడియో మోగినట్టు ఎవురూ చెప్పలేదే."

"తలుపులు వేసుకుని విన్నాను."

"మీరా?" అని మళ్ళీ నవ్వాడు. "నేను ఆ పొద్దే అడిగినాను గదా. తీసుంటే అప్పుడే చెప్పేవోరు. అబద్ధమాడే మనిషి కాదు మీరు." లోపలికి చూసి కేకేశాడు. "అమ్మా ఖాజాబీ, అయ్యవారికి టీ పెట్టు. నా కోసరం నింద మీదేసుకుంటుండాడు చూడు."

ఖాజాబీ తలుపు పక్కనే నిలబడి అంతా విన్నది. టీ తెచ్చి ఇచ్చింది. నేను బయలుదేరుతుంటే వాకిలి దాకా వచ్చింది.

"ఆ పొద్దే చెప్పుంటే మా నాయన ఇంకా కారు తోలేవోడు సారూ" అన్నది. "మళ్ళీ చెప్పబాకండి. మీరొచ్చినారని సంతోషంగా ఉండాడు."

ఆమె మాట ప్రకారం మళ్ళీ చెప్పలేదు. ఏడాదిన్నరకు ఆయన పోయాడు. ఖననం అయిన తర్వాత వాకిట్లో నిలబడి ఉంటే, నేనెన్నడూ చూడని ముసలాయన ఒకరు దగ్గరకు వచ్చి, "ఆ అయ్యవారు మీరేనా?" అని నా చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. డ్రైవరు తప్పును తన మీద వేసుకోవడానికి అంత దూరం నుంచి వచ్చిన మనిషిని గురించి మస్తాన్ సాయిబు ఆ వీధిలో అందరికీ చెప్పాడట. ఆయన తర్వాత మరొకరు, ఆయన తర్వాత ఇంకొకరు వచ్చారు. గడపలో నుంచి ఖాజాబీ చూస్తూ ఉంది. నేను కాదనలేదు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కోటలో ఆ కథ తెలిసినవాళ్ళు ఇప్పటికీ కొందరు ఉన్నారని విన్నాను. ఆ ఊరి మీదుగా పోవలసి వస్తే నేను బస్సు దిగను.