పాలేటి నీళ్ళు తాగిన బ్రేకులు

మొన్న గురువారం నందిగామలో మా బావగారి, అంటే మా ఆయన అన్నగారి, మనవడు టైర్ల కొట్టు తెరిచాడు. పిలిచారు, వెళ్ళక తప్పలేదు. కొట్టు ముందు నిలువెత్తు ఫ్లెక్సీ. అందులో కండువాతో, ఎప్పుడో పోయిన మా బావగారు, ఆయన వెనక కొత్తగా రంగులు దిద్దిన ఒక పాత లారీ. కింద ‘మా కుటుంబంలో తొలి లారీ యజమాని’ అని పెద్దక్షరాలతో వేయించారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అక్షరాలు మారలేదు. చేతిలో పెట్టిన లడ్డూ అక్కడే బల్ల మీద పెట్టేసి, మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆటో ఎక్కాను. మోకాళ్ళు ఆ రోజు బాగానే ఉన్నాయి. శుభమా అని కొట్టు తెరుస్తుంటే తగువెందుకని నోరు మూసుకున్నాను గాని, నాకు సంవత్సరంతో సహా గుర్తున్న విషయాన్ని ఎవరో తలకిందులుగా అచ్చు వేయించి వేలాడదీస్తే ఒళ్ళు మండదా? ఆ లారీ ఆయనది కాదు. ఎవరిదో, ఆయన చేతిలోంచి ఎట్లా పోయిందో చూసినవాళ్ళలో మిగిలింది నేనే కాబట్టి చెబుతాను.

ఆ లారీ మా ఆడపడుచుది. ఆమె భర్త సొంతంగా కొనుక్కుని సొంతంగా నడుపుకున్న బండి. అప్పటికే పాతది. ఎక్కుడు వస్తే మూలిగేది, దిగుడు వస్తే ఈల వేసేది. డెబ్బై ఏడులో ఆయన కామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. రెడ్డిగూడెంలో అత్తవారు ఆమెకి వసారాలో చాప చూపించారు. మా ఆయన వెళ్ళి చెల్లెల్ని జగ్గయ్యపేట తీసుకొచ్చారు. నాలుగు రోజులకి ఆమె వెనకే లారీ కూడా వచ్చింది. చెల్లెలు వచ్చినందుకు ముఖం చిట్లించిన మా బావగారు, లారీ వచ్చినందుకు మాత్రం చిట్లించలేదు. ఆయనది మిరపకాయల వ్యాపారం. బస్తాలు గుంటూరు చేరవేయడానికి కిరాయి బండ్ల వెంట తిరిగే మనిషికి బండే ఇంటి ముందుకొచ్చి నిలబడింది. ఒక డ్రైవరును పెట్టుకుని, నెల తిరక్కుండానే ‘మా లారీ’ అనడం మొదలుపెట్టారు. కాగితాలు ఆమె పేరన ఉన్నాయి. నా పెట్టెలోనే దాచుకుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా తెల్లారి లేస్తే మా లారీ, మా లారీ.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా బావగారు నాతో నేరుగా మాట్లాడరు, నేను ఆయనతో మాట్లాడకూడదు. ఏదైనా మా ఆయన ద్వారానే. నేను రెండు అడుగుల దూరంలో వడ్డిస్తూ ఉంటే, “పప్పులో ఉప్పు లేదని నీ పెళ్ళానికి చెప్పరా” అనేవారు. మా ఆయన నావైపు తిరిగేవారు. నేను, “ఉప్పు గిన్నె ఆయన ఎడమచేతి పక్కనే ఉందని చెప్పండి” అనేదాన్ని. మా ఆయన అటు తిరిగేవారు. ఇరవై ఏళ్ళు ఆ మనిషి మెడ నొప్పి పుట్టకుండా ఎట్లా తిరిగిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

డెబ్బై తొమ్మిది దసరా. డ్రైవరు పండక్కి వాళ్ళ ఊరు వెళ్ళాడు. ఆయుధపూజ కదా అని బావగారే లారీని ఊరి పక్క పాలేటి వాగులోకి దింపి, చక్రాలు మునిగేదాకా నిలబెట్టి కడిగించారు. ఇంటికి తెచ్చాక అదీ చాలక, చక్రాలకి బిందెలతో పసుపు నీళ్ళు పోయించారు. బొట్లు పెట్టి, దండలు వేసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజ చేసిన బండిని సిద్ధాంతిగారు చెప్పిన ముహూర్తం దాకా కదపకూడదని మా వాళ్ళ ఆచారం. ఆ ఏడు ముహూర్తం పౌర్ణమి దాటాక కుదిరింది. వాకిలి కాస్త వాలుగా ఉంటుందని బావగారు చేతి బ్రేకు బలంకొద్దీ లాగారు. అప్పుడు మా ఆడపడుచు గుమ్మంలోంచి అంది: “అన్నయ్యా, తడి మీద చేతి బ్రేకు వెయ్యకు. లోపల పట్టేసుద్ది. చక్రాలకి రాళ్ళు పెట్టు చాలు. ఆయనెప్పుడూ అట్లాగే చేసేవారు.”

“పండగ పూట పోయినోడి మాటెందుకే? లోపలికి పో!” అన్నారు బావగారు. ఆమె లోపలికి వచ్చి వంటింట్లో నా పక్కన కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ఏడవలేదు. మధ్యలో రెండు మూడు వానలు కూడా పడ్డాయి.

ముహూర్తం రోజు వీధంతా చేరింది. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, బావగారే ఎక్కి బండి స్టార్ట్ చేశారు. ఇంజను అరిచింది, పొగ వచ్చింది, లారీ వెనక భాగం గేదె కూలబడ్డట్టు కుంగింది. అంగుళం కదల్లేదు. చేతి బ్రేకు వదిలి చూశారు, మళ్ళీ లాగి మళ్ళీ వదిలి చూశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్క వీధిలోంచి ట్రాక్టరు తెచ్చి గొలుసు కట్టి లాగించారు. ముందు చక్రాలు తిరిగాయి, వెనకవి తిరక్కుండా మట్టిని గోకుతూ జారాయి. రెండు కొత్త టైర్లు ఒకవైపు అరిగాయి. అప్పుడు దిగి, చెమట తుడుచుకుని, గుమ్మం వైపు వేలు చూపించి ఆయనన్న మాట ఇది: “పట్టేసుద్దంది. పట్టేసింది. నోరా అది? శుభం పలకరా అంటే అపశకునం పలికే మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఇంతే. ఒరే, రేపు పొద్దున దీన్ని రెడ్డిగూడెం బస్సెక్కించు.”

మంచి మాట చెప్పింది. అది నిజమైంది. నిజమైనందుకే శిక్ష! ఇన్నేళ్ళలో ఎన్నో అన్యాయాలు చూశాను, ఇంత వంకర లెక్క మాత్రం మళ్ళీ చూడలేదు. మా ఆయనేమో నేల చూస్తూ, “పెద్దవాడు కదా, కోపం తగ్గాక చూద్దాం” అన్నారు. ఆయన కోపం తగ్గేసరికి ఆమె వసారాలో చాప మీద ఉంటుంది. లారీ మాత్రం ఇక్కడే ఉంటుంది. “మీరు చూస్తూ ఉండండి” అని చెప్పి నేను అప్పటికప్పుడు నందిగామ బస్సెక్కాను.

నా పుట్టిల్లు నందిగామలో, లారీ షెడ్ల వెనక వీధి. తలుపు తీస్తే ఆయిలు వాసన. ఆ వీధిలో పెరిగినదానికి పట్టేసిన బ్రేకు అపశకునం కాదని ఒకరు చెప్పనక్కర్లేదు. మా వీధి మెకానిక్కు చేతి పనికంటే నోటి పని ఎక్కువ, కాని పని వచ్చు. మధ్యాహ్నానికల్లా జాకీలతో సహా వాణ్ణి వాకిట్లో దింపాను. దండలు, బొట్లు చూసి, “ఏందక్కా ఇది? నీళ్ళు పోసి, పసుపు రాసి, కదలకుండా కట్టేస్తే గేదెకైనా జలుబు చేసుద్ది” అన్నాడు. వీధి నవ్వింది. బావగారు నవ్వలేదు.

ముందు చక్రాలకి రాళ్ళు పెట్టాడు. వెనక జాకీ ఎత్తి చక్రం ఊడదీశాడు. లోపల బ్రేకు డ్రమ్ము, కుండ బోర్లించినట్టు, పట్టిన పట్టు మీద ఉంది. కింద దూరి, బ్రేకు బిగువు సవరించే అడ్జస్టరు వెనక్కి తిప్పాడు. అంచుల వెంట కిరసనాయిలు పోసి, అది దిగేదాకా నాచేత కాఫీ పెట్టించుకుని తాగాడు. తర్వాత చెక్కముక్క అడ్డం పెట్టి, ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు, డ్రమ్ము చుట్టూ సుత్తితో తట్టుకుంటూ తిరిగాడు. అంతసేపు ఓపిక పట్టలేక బావగారు పెద్ద సుత్తి అందుకున్నారు. “ఇట్లా జోకొడితే ఊడుద్దంట్రా? తప్పుకో!”

“వద్దండీ, పోత ఇనుము! బీట ఇచ్చిందంటే డ్రమ్ము పాతసామానుకే. అప్పుడు ఎవుర్ని బస్సెక్కిస్తారు?” అని మెకానిక్కు సుత్తి పట్టుకున్నాడు. డ్రమ్ము ముఖం మీద ఉన్న రెండు రంధ్రాల్లో బోల్టులు పెట్టి, దీనికొక చుట్టు, దానికొక చుట్టు బిగిస్తూ డ్రమ్మును బయటికి నెట్టుకొచ్చాడు. ఒక్కసారి ‘టప్పు’మంది. డ్రమ్ము వాడి ఒళ్ళోకి వచ్చింది.

లోపల పాలేటి ఒండ్రు, సన్నటి ఇసుక. బ్రేకు లైనింగు ఎంత మేర ఆని ఉందో అంత మేర డ్రమ్ములో ఎర్రగా తుప్పు అచ్చు పడింది. మెకానిక్కు దాన్ని ఎత్తి వీధి వాళ్ళందరికీ చూపించాడు. బావగారు కూడా వంగి చూశారు. ఇక ఆ మాట వెనక్కి తీసుకుంటారనుకున్నాను. మా ఆయన వైపు తిరిగి, “తుప్పే. కాదనను. ఆ మాట అనకపోతే తుప్పు పట్టేదా అని నీ పెళ్ళాన్ని అడుగు” అన్నారు.

మా ఆయన మెడ నావైపు తిరగబోయింది. నేను ఆగలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి ఆయన ముఖం చూసి మాట్లాడాను. “బావగారూ, బండి ఆమె పేరన ఉంది. కాగితాలు నా పెట్టెలో ఉన్నాయి. తాళం ఆమెకివ్వండి.” ఆయనకి నా మాటల అర్థం కంటే నా గొంతు ముందు తగిలినట్టుంది. ఈలోగా మా ఆడపడుచు గుమ్మం దిగి వచ్చి చెయ్యి చాపింది.

“ఆడదానివి, లారీ ఏం చేసుకుంటావే?”

“నువ్వేం చేశావో అదే చేసుకుంటా అన్నయ్యా. రాళ్ళు పెట్టడం మాత్రం మర్చిపోను.”

వీధి మళ్ళీ నవ్వింది. ఆయన తాళం తీసి మట్టిలో పారేశారు. ఆమె వంగి తీసుకుని, కొంగుతో తుడిచింది. సాయంత్రానికి రెండో చక్రం కూడా విడిపించాక, మెకానిక్కు బండి తోలగా, తన ట్రంకుపెట్టెతో ముందు సీట్లో కూర్చుని వెళ్ళింది. రెడ్డిగూడెం కాదు, నందిగామ. మా వీధిలోనే ఒక గది తీసుకుంది. డ్రైవరును పెట్టుకుని ఆ లారీ కిరాయిల మీద ఎనభై ఆరు దాకా బతికింది. తర్వాత దాన్ని అమ్మి చిన్న ఇల్లు కొనుక్కుంది. బావగారు ఆ గడప ఒక్కసారీ తొక్కలేదు, ఆ మాట ఒక్కసారీ వెనక్కి తీసుకోలేదు. ఆయన పోయినప్పుడు ఆమె వచ్చి, అన్నయ్యా అని కాళ్ళ మీద పడి ఏడ్చింది. నేను ఏడవలేదు. ఇప్పుడు ఆమె కూడా లేదు.

కాలం అన్నీ మరిపిస్తుందంటారు. అది తనంతట తాను ఏదీ మరిపించదు. మరిచిపోతే లాభం ఉన్నవాళ్ళు మరిచిపోతారు, మిగిలినవాళ్ళకి వయసు మాత్రం పెరుగుతుంది.