పడిపోయే మాస్టరు

శంషాబాద్ కరాటే మాస్టరు ఈశ్వరయ్యకు ఒకటే అలవాటు: పడిపోవడం. బస్టాండులో పడతాడు, కూరగాయల అంగట్లో పడతాడు, పెళ్లి బంతిలో కూర్చోబోయి పడతాడు. పడగానే అరచేత్తో నేలను ఫట్మని చరిచి, బొంగరంలా తిరిగి లేచి, ఏమీ ఎరగనట్టు బట్టలు దులుపుకుంటాడు. నల్ల బెల్టు ఉన్న మనిషి ఇన్నిసార్లు ఎట్లా పడతాడో ఊళ్లో ఎవరికీ అంతుబట్టలేదు.

అందరూ నవ్వేవాళ్లు. శిష్యురాలు అనుపమకు మాత్రం ఒళ్లు మండేది. ఎయిర్‌పోర్టు తెరిచిన మరుసటి ఏడు ఆమెను అక్కడ సఫాయి పనికి సూపర్‌వైజర్‌ను చేశారు. కింద పనిచేసే తల్లి వయసు ఆడవాళ్లు ఆమె మాట లెక్కచేయరు. గట్టిగా చెబుదామంటే గొంతు వణుకుతుంది. ధైర్యం వస్తుందని కరాటేలో చేరితే, మాస్టరు నెలల తరబడి పడడమే నేర్పుతున్నాడు.

"కొట్టుడు ఎప్పుడు నేర్పుతరు మాస్టర్?"

"ముందుగాల పడుడంటే భయం పోవాలె బిడ్డా. పడనీకి భయపడెటోడు పదిమందిని ఏం నడిపిస్తడు?" అని, చూపించడానికి మళ్లీ పడ్డాడు.

ఆ ఏడు కొత్తూరులో పోటీలు పెట్టారు. షుగర్ తగ్గుతుందని లేటు వయసులో కరాటే పట్టిన రామచంద్రయ్య, వేదికెక్కి కాలు విసరబోయి వెల్లకిలా పడ్డాడు. హాలంతా గొల్లుమంది. పాపం, ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అంతలో ముఖ్య అతిథికి పూలదండల పళ్లెం తెస్తున్న ఈశ్వరయ్య, ధబేలున బోర్లా పడ్డాడు. బంతిపూలు అతిథి నెత్తిన రాలాయి. నవ్వులన్నీ ఇటు తిరిగాయి. రామచంద్రయ్య కూడా పకపకా నవ్వుతూ వచ్చి మాస్టరుకు చేయందించాడు.

అనుపమ నవ్వలేదు. అంగట్లో మాస్టరు కంటే ముందు గంపతో జారిపడ్డ ముసలమ్మ గుర్తొచ్చింది. పెళ్లిలో సాంబారు ఒలకబోసుకుని సిగ్గుతో కుంచించుకుపోయిన ముసలాయన గుర్తొచ్చాడు. ఇన్నేళ్లూ ఊరి నవ్వంతా ఈ మనిషి ఒక్కడే మీదేసుకున్నాడా!

"మీరు కావాలనే పడ్తున్నరు గద మాస్టర్?"

"జర మెల్లగ! ఎవలన్న ఇంటే బెల్టు గుంజుకుంటరు."

కొన్నాళ్లకు ఎయిర్‌పోర్టులో సఫాయి చేసే రుక్మిణమ్మ దారికి అడ్డంగా బకెట్ పెట్టింది. అనుపమ మాట అసలు వినని మనిషి ఆమే. ఒక ప్రయాణికుడు దానికి కాలు తగిలి పడ్డాడు, నీళ్లన్నీ సూటు మీద పడ్డాయి. మేనేజర్ ఊగిపోతూ వచ్చాడు.

"ఇక్కడ బకెట్ ఎవరు పెట్టారు?"

రుక్మిణమ్మ స్తంభం చాటుకు జరిగింది. అనుపమ ముందుకొచ్చింది. "చూసుకోవాల్సింది నేను సార్. తప్పు నాదే." గొంతు వణకలేదు. అలసిపోయేదాకా తిట్టి మేనేజర్ వెళ్లిపోయాడు.

"నా తిట్లు నువ్వెందుకు పడ్డవ్ బిడ్డా?" అంది రుక్మిణమ్మ, కళ్లొత్తుకుంటూ.

"కరాటేల గదే నేర్పిన్రు పెద్దమ్మా."

రుక్మిణమ్మ ఆమెను ఎగాదిగా చూసి, తుడుపుకర్ర అందుకుంది. "ఇగ చెప్పు, ఏడ తుడవాలె?"