వేలు ఎత్తేదాకా

మా పాటల టీచరమ్మ పోయిన సంగతి మదర్ వచ్చి ఇంగ్లీషులో చెప్పారు. అప్పుడు నేను కాన్వెంటు హాల్లో చిన్నపిల్లల చేత క్రిస్మసు నాటకం సాధన చేయిస్తున్నాను. దేవదూతల రెక్కల కోసం కత్తిరించిన అట్టలు నేలంతా పరిచి ఉన్నాయి. మదర్ తలుపు దగ్గరే నిలబడి, మధ్యాహ్నం ఆమె ప్రాణం ప్రశాంతంగా పోయిందని చెప్పి, పిల్లలకు మీరే చెప్పండి అని వెళ్లిపోయారు. ఆ ఇంగ్లీషు పిల్లలకు అర్థం కాలేదు. అందరూ నా ముఖం వైపే చూస్తున్నారు.

చావుకు పుస్తకాల్లో ఎన్నో పేర్లు చదివాను. ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి "టీచరమ్మ ఇంక రారు" అన్నాను.

ముందు వరసలో గొర్రెల కాపరి వేషం వేసే పాప కూర్చుని ఉంది. "యాడికి పోయిండారు మిస్?" అని అడిగింది.

నేను అలవాటుగా టీచరమ్మ ఉండే పక్కకు తిరిగి చూశాను.

ఇది చదివేవారిలో చాలామందికి ఆమె తెలియదు. బళ్ళారి కౌల్ బజారులో, చర్చి వెనక సందులో, ఒంటిగదిలో ఉండేవారు. కాన్వెంటులో పాటలు నేర్పేవారు. ఏటా క్రిస్మసుకు పిల్లల చేత నాటకం ఆడించేవారు. హార్మోనియం తుడవడానికి పాత చీర ముక్క ఒకటి, పిల్లలకు పెట్టడానికి రుమాలులో బొరుగులూ పుట్నాలూ ఆమె సంచిలో ఎప్పుడూ ఉండేవి. ఎవరైనా శ్రుతి తప్పితే కోప్పడేవారు కాదు. "నీ గొంతు ఈడనే ఉండాది రాజా, పాట యాడికో పోయింది. పిలుచుకోని రా పో" అనేవారు. పిల్లలు నవ్వేవాళ్లు, శ్రుతి తప్పిన పిల్లతో సహా.

నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. నేను పాడేదాన్నీ కాదు, మాట్లాడేదాన్నీ కాదు. బజారులో బట్టల అంగడి నాయనది. ఇల్లు దాని వెనకే, ఇంట్లో కొనవచ్చే గిరాకీల మాటలే వినిపించేవి. బడిలో సిస్టర్లు ప్రశ్న అడిగితే నిలబడేదాన్ని, జవాబు తెలిసి కూడా అలాగే నిలబడేదాన్ని. ఒక ఏడు నాటకంలో వేషం ఇస్తామంటే ఏడ్చాను. టీచరమ్మ రెండు స్టూళ్లు తెచ్చి పరదా వెనక వేశారు.

"నోరు తెరవనంటే తెరవద్దులే. ఈడ కూర్చో. వాళ్లు మరిచిపోయింది నువ్వు అందియ్యి. గుసగుసకి సిగ్గేంది?"

అలా నేను మాటలు అందించే పిల్లనయ్యాను. నాటకం మొత్తం నాకు కంఠస్థం. మొదటి ఏడు ఎవరైనా తడబడితే చాలు, వెంటనే అందించాను. ఒక్క చోట కూడా నాటకం ఆగలేదు. మెచ్చుకుంటారనుకున్నాను.

"అంత జల్దీ ఏందే పాపా?" అన్నారు టీచరమ్మ. "తొందరపడి అందిచ్చినావనుకో, ఆ మాట నీదైపోతాది. దానిది కాదు. ఎతుక్కోనీ."

ఆ మరుసటి ఏడు నుంచి ఆమె నా పక్క స్టూలు మీద కూర్చుని, తన చూపుడు వేలు నా మణికట్టు మీద పెట్టేవారు. వేలు ఉన్నంతసేపు నేను మాట్లాడకూడదు. వేలు లేస్తే అందించాలి. హాల్లో దగ్గులు మొదలైనా, మదర్ మెడ తిప్పి పరదా వైపు చూసినా, ఆ వేలు కదిలేది కాదు.

మా నాటకంలో దేవదూతలు ఇంగ్లీషులో పాడతారు. మా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినాక సత్రం యజమాని కన్నడంలోకి మారాడు, చోటు లేదు, ముందుకు పొండని "జాగ ఇల్ల, ముందె హోగి" అంటాడు. గొర్రెల కాపరులది తెలుగు. బళ్ళారిలో ఇది ఎవరికీ వింతగా తోచదు. కాపరికి టీచరమ్మ మొదట రాసిన మాట "ఎంత దారుణమైన శీతలము సోదరా" అని. ఒక ఏడు కాపరి వేషం వేసిన పిల్ల అక్కడే ఆగిపోయింది. నా నాలుక చివర మాట ఉంది. మణికట్టు మీద వేలు ఉంది. ఎంతకీ లేవలేదు. ఆ పిల్ల చేతులు రుద్దుకుంది, కంబళి సర్దుకుంది, ఆఖరికి "సలి పెడతాందన్నా, ఇంకా యాడికి నడిచేది?" అంది.

హాలంతా నవ్వింది. ఆమెకు కోపం వస్తుందేమో అని తిరిగి చూశాను. టీచరమ్మ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతో ఊగిపోతున్నారు.

"రాత్రి పూట బయల్లో ఉండే కాపరి అనేది అదే కదమ్మే. నేను రాసింది కొట్టేయ్" అన్నారు.

అప్పటి నుంచి నాటకంలో ఆ మాటే ఉంది.

పోయిన క్రిస్మసు అయిన కొన్నాళ్లకు నాకు సిరుగుప్ప నుంచి సంబంధం వచ్చింది. బియ్యం మిల్లు వాళ్లు. కాదనడానికి ఇంట్లో ఎవరికీ కారణం కనిపించలేదు. నా చదువు అయిపోయింది. చిన్న తరగతులకు చెప్పడానికి రమ్మని కాన్వెంటువాళ్లు అడిగారు, వెళ్లాలని నాకు ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఒకనాడు టీచరమ్మ చీర కొనడానికి అంగడికి వస్తే నాయన ఆమెను లోపల కూర్చోబెట్టాడు. అమ్మ ఆమెకు కాఫీ ఇచ్చింది, ఆమె కోసం గూట్లో వేరే పెట్టిన గ్లాసులోనే.

"టీచరమ్మా, ఈ పాప మీ మాటంటే వింటాది. వాళ్లు మంచోళ్లు. మీరొక మాట చెప్పండి" అన్నాడు నాయన.

"నేనేం చెప్పాలప్పా? పెళ్లి నాది కాదు కదా."

"దీనికి నోరు యాడుండాది? పరదా ఎనకాల కూర్చోబెట్టి పెంచింది మీరే కదా."

"నోరు ఉండాది. మాటే ఆలస్యంగా వస్తాది. గిరాకీలుంటే చూసుకోండి, నేను కూర్చుంటా."

నాయన పోలేదు. నేను ఆమె వైపు చూశాను. ఒక్క మాట అందిస్తే చాలు, దాన్ని పట్టుకుని మిగతాది నేను అనగలననిపించింది. ఆమె కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాకిలి వైపు చూస్తూ కూర్చున్నారు. ముందు అంగట్లో ఎవరో పంచె బేరం చేసి, కొనకుండా వెళ్లిపోయారు. అప్పుడు అన్నాను.

"ఇప్పుడొద్దు నాయనా. నేను బడికి పోతా, చెప్పేదానికి."

"ఇది చెప్పేదానికి ఇంతసేపా?" అన్నాడు నాయన.

"కొందరికి పడతాదప్పా" అని ఆమె చెప్పులు వేసుకున్నారు. ఆ రోజు చీర కొనడం మరిచిపోయారు.

ఆ సంబంధం మా చెల్లెలికి కుదిరింది. ఎండాకాలంలో పెళ్లయింది. సంతోషంగానే వెళ్లింది. మేమిద్దరం పడుకునే గదిలో ఇప్పుడు నేనొక్కదాన్నే. చదువుకోవడానికి కావలసినంత నిశ్శబ్దం ఉంది. అదే కావాలని ఎన్నేళ్లుగానో అనుకున్నాను. జూన్‌లో బడిలో చేరాను. నాతో చదివినవాళ్లు పుట్టిళ్లకు వచ్చినప్పుడు బజారులో కనిపిస్తే బిడ్డలను చూపిస్తారు. తర్వాత ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియదు. అప్పట్లో రోజు మొత్తంలో నేను నిజంగా మాట్లాడేది సాయంత్రం టీచరమ్మ గదిలోనే. అక్కడ కూడా తక్కువే.

దసరా దాటినాక ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది. మాటలు పోయాయి. అంటే, లోపల ఉన్నాయి, బయటికి వచ్చే దారి దొరకలేదు. నేను రోజూ బడి కాగానే వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం ఆమె ఏదో చెప్పబోయారు. పెదవి ఒక పక్కకే కదిలింది. నీళ్లా, దుప్పటా, కిటికీ మూయాలా? మూడు మాటలూ నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరవబోతే ఆమె ఎడమ చేయి మెల్లగా వచ్చి, వేలు నా మణికట్టు మీద పెట్టింది.

ఆగాను. సందులో జట్కా ఒకటి వెళ్లింది. ఆ చప్పుడు బజారులో కలిసిపోయేదాకా విన్నాను. ఆమె కళ్లు గోడ మీద దేన్నో వెతుకుతున్నాయి. మాట రాలేదు. చాలాసేపటికి వేలు లేచింది.

అందించమని. ఏ మాటో నాకు తెలియలేదు.

నీళ్లా అన్నాను. కాదన్నట్టు తల ఊపారు. దుప్పటా అన్నాను. కిటికీనా అన్నాను. తర్వాత ఇంకేవేవో అన్నాను. ఆమె సగం ముఖంతో నవ్వి కళ్లు మూసుకున్నారు. ఆ మాట ఏమిటో ఇప్పటికీ తెలియదు.

సమాధి కార్యక్రమానికి వెళ్లి వచ్చేసరికి అమ్మ స్నానానికి నీళ్లు కాచి పెట్టింది. టీచరమ్మ గ్లాసు గూట్లోనే ఉంది. అమ్మ దాన్ని పారేయలేదు, మిగతా గ్లాసుల్లో కలపనూ లేదు.

నిన్న నాటకం ఆడాం. హాలు సర్దినవాళ్లు అలవాటు కొద్దీ పరదా వెనక రెండు స్టూళ్లూ వేశారు. నేను ఒకదాని మీద కూర్చున్నాను. సత్రం యజమాని కన్నడంలో జాగా లేదన్నాడు. దేవదూతల రెక్క ఒకటి ఊడి పడింది. కాపరి పాప వచ్చింది, కంబళి కప్పుకుని, కర్ర పట్టుకుని. నిలబడింది. మాట మరిచిపోయింది.

హాల్లో ఎవరో దగ్గారు. పాప పరదా వైపు చూసింది. ఆగడం ఎంతవరకు మంచిదో, ఎక్కడ అది ఆ పిల్లను బాధపెట్టడం అవుతుందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. మాట నా పెదవి దాకా వచ్చింది. ఇంకొంచెం ఆగాను. మదర్ మెడ తిప్పారు. ఇంకొంచెం ఆగాను.

"సలి పెడతాందన్నా" అంది పాప, గట్టిగా. "ఇంకా యాడికి నడిచేది?"

ఏటా నవ్వినట్టే హాలంతా నవ్వింది. పక్కన ఎవరో ఊగుతున్నట్టనిపించి తిరిగి చూశాను. నా చేయి ఆ ఖాళీ స్టూలు మీద ఉంది, మణికట్టు పైకి తిరిగి.