మధ్యధరా సముద్రం పక్కన మాకో గది

మా ఇంట్లో ఎవరైనా "రూమ్ బుక్ చేద్దాం" అంటే చాలు, మా ఆవిడ చేతిలో పని ఆపి నవ్వడం మొదలుపెడుతుంది. మా అమ్మాయి నా ఫోన్ లాక్కుంటుంది. నేను మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి తప్పుకుంటాను. ఎందుకో చెప్తాను. నా పరువు పోయే కథే. కానీ ఎప్పుడో పోయిన పరువుకి ఇంకా కాపలా ఎందుకు? వినండి.

మేముండేది కెనడాలో, నార్త్ యార్క్‌లో, సబ్‌వేకి దగ్గరగా ఒక అద్దె కాండో ఫ్లాట్‌లో. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా ఆవిడ ప్రశాంతి గుంటూరులో ఫార్మసీ చదివింది. ఇక్కడ ఆ చదువు చెల్లాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలన్నారు. పగలంతా పక్కనున్న వాన్ అనే ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు ప్యాక్ చేసేది, ఇంటికొచ్చి పుస్తకాల ముందు కూర్చునేది. ఒకసారి పరీక్ష పోయింది. ఏడ్చింది, మొహం కడుక్కుంది, మళ్ళీ రాసింది. అలా ఏళ్ళు గడిచాక లైసెన్స్ వచ్చింది. ఆ సంతోషంలో నేను నోరు జారాను.

"నువ్వెక్కడికంటే అక్కడికి వెళ్దాం. టికెట్లు, గది, అన్నీ నేనే చూస్తా. నువ్వు వేలు కూడా కదపక్కర్లేదు."

"మధ్యధరా సముద్రంలో ఏదైనా చిన్న దీవి," అంది వెంటనే, ఎప్పట్నుంచో మనసులో పెట్టుకున్నట్టు. "నీలం నీళ్ళు, రాతి ఇళ్ళు, ఎండ. నాకు కడుపు నిండా ఎండ కావాలండీ."

దీవి తేలిగ్గానే కుదిరింది. మాల్టా పక్కన, ఫెర్రీలో దాటి వెళ్ళే బుల్లి దీవి. కుదరనిదల్లా అందులో ఎక్కడ ఉండాలన్నదే. పెళ్ళిచూపుల్లో కాఫీ చల్లారేలోపు సరేనన్న మనిషిని, ఈ గది దగ్గర వారాల తరబడి కొట్టుకున్నాను. బీచ్ పక్కన హోటల్ చూస్తే సందడెక్కువ అనిపించింది. కొండ మీద ఊళ్ళో చూస్తే సముద్రం దూరం. పొలాల మధ్య ఇల్లు చూస్తే, ఎవరో మహానుభావుడు అక్కడ తెల్లారకుండానే కోడి కూస్తుందని రివ్యూ రాశాడు. కోడి తెల్లారకముందు కాక మధ్యాహ్నం భోజనాలయ్యాక కూస్తుందా? కానీ నాకప్పుడు అదో పెద్ద లోపంగా కనబడింది.

ఆఫీసులో నా పక్క సీటు శ్రీనివాస్‌ది కరీంనగర్. నా అవస్థ చూడలేక ఒకరోజు అన్నాడు.

"అరే, దీవి అంతా కలిపి మన స్కార్‌బరో అంత లేదు. ఏ మూలకున్నా ఏమైతది? మంచిగ ఒక హోటల్ తీస్కొని పో. ఎందుకింత పరేషాన్?"

"హోటల్లో ఎవడైనా ఉంటాడు శ్రీనూ. మనం అక్కడివాళ్ళలా బతకాలి."

"గదేందో నార్త్ యార్క్‌ల బతుకు ఫస్టు," అని మళ్ళీ తన పనిలో పడ్డాడు.

చివరికి నాకు రత్నం దొరికింది. ఆ దీవిలో సెయింట్ మార్థాస్ కోవ్ అని ఒక జాలరి పల్లె ఉందనీ, టూరిస్టులు అంతగా వెళ్ళరనీ ఎక్కడో చదివాను. వెంటనే ఆ పేరు కొట్టి వెతికాను. ఒక్క పేజీ వెబ్‌సైట్ ఒకటి తెరుచుకుంది. సెయింట్ మార్థాస్ కోవ్. నీలం తలుపు ఇల్లు, ఎదురుగా సముద్రం, పక్కనే చర్చి, రేవులో చేపల పడవలు. ఇంటావిడ పేరు పెగ్గీ. పెద్దావిడ, ఒంటరిగా ఉంటుంది, మేడ మీద గదులు అద్దెకిస్తుంది. ఈమెయిల్ పెడితే ఆప్యాయంగా జవాబిచ్చింది. పెద్ద పెద్ద బుకింగ్ సైట్లలో కొట్టుకునే అమాయకుల్ని తలుచుకుని జాలిపడ్డాను.

ఇప్పుడు ఆవిడ జవాబుల్లోని విషయాలు కొన్ని మీ ముందు పెడతాను. నాకంటే మీకు తెలివి ఎక్కువని నాకు తెలుసు.

"సాయంత్రాలు చలిగా ఉంటుంది, స్వెటర్లు తెచ్చుకోండి" అని రాసింది. సముద్రపు గాలి కదా అనుకున్నాను. "అదృష్టం ఉంటే కిటికీలోంచి తిమింగలాలు కనబడతాయి" అని రాసింది. ఈ మాట ఆఫీసులో అందరికీ చెప్పాను. మధ్యధరా తిమింగలాల గురించి ఒక మీటింగ్‌లో కాసేపు ఉపన్యాసం కూడా ఇచ్చాను. అద్దె డాలర్లలో అడిగింది. కెనడా వాళ్ళమని మాకోసం లెక్క మార్చి చెప్పిన ఆ పెద్దావిడ మర్యాదకి నా కళ్ళు చెమర్చాయి.

"అంతా చూసుకున్నారుగా?" అని ప్రశాంతి ఒక్కసారే అడిగింది.

"నిశ్చింతగా ఉండు," అన్నాను. నా జన్మలో అంత నిశ్చింతగా నేనెప్పుడూ లేను.

విమానాలు మారి, ఫెర్రీ దాటి, టాక్సీ ఎక్కి మధ్యాహ్నం సెయింట్ మార్థాస్ కోవ్‌లో దిగాం. ప్రశాంతి కోరుకున్నవన్నీ అక్కడున్నాయి. నీళ్ళు నీలంగా ఉన్నాయి, ఇళ్ళు తేనెరంగు రాతితో కట్టారు, ఎండలో పెనం పెట్టి అట్టు కాల్చుకోవచ్చన్నట్టుంది. వీధుల నిండా జెండాలు, తోరణాలు. నీలం తలుపు మాత్రం ఎక్కడా లేదు. పెట్టెలు ఈడ్చుకుంటూ వీధులన్నీ తిరిగి, చర్చి దగ్గర నిలబడి పెగ్గీకి ఫోన్ చేశాను. మా అమ్మాయి ఆన్యా కూడా వింటుందని స్పీకర్‌లో పెట్టాను. అదే నా కొంప ముంచింది. ఇంగ్లీషులో జరిగిన సంభాషణ తెలుగులో చెప్తున్నాను.

"గుడ్ మార్నింగ్ బాబూ!" అంది పెగ్గీ.

మధ్యాహ్నం గుడ్ మార్నింగ్ ఏమిటి? కునుకు తీసి లేచిందేమో అనుకున్నాను.

"మేం వచ్చేశాం అమ్మా. చర్చి పక్కనే ఉన్నాం."

"అలాగా! నేనూ చర్చి పక్కనే ఉన్నా. నువ్వు కనబడట్లేదే. పొగమంచు చూశావా, చెయ్యి చాపితే చెయ్యి కనబడట్లేదు."

"పొగమంచా? ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది."

"అయితే మీవైపు తేలిపోయిందన్నమాట. అదృష్టవంతులు! చర్చికి ఏవైపు ఉన్నారు?"

"గుమ్మం ముందు. పెద్ద రాతి చర్చి."

"రాతి చర్చి? మాది చెక్క చర్చి కదా, తెల్ల రంగు వేసింది."

"ఇది రాయేనమ్మా. చేత్తో కొట్టి చూస్తున్నా."

"సరే, రేవులోకి వెళ్ళు బాబూ. అక్కడికి వస్తా. పడవలు కనబడుతున్నాయా?"

"ఆ, రంగురంగుల పడవలు. ముందు వైపు కళ్ళున్నాయి."

"ఏమున్నాయి?"

"కళ్ళు. పడవలకి కళ్ళు." అక్కడ పడవలకి దిష్టి తగలకుండా కళ్ళు వేస్తారు. నాకు అది ఎంతో సహజంగా అనిపించింది. ఆవిడకి అనిపించలేదు.

"బాబూ," అంది చాలా మెల్లగా, "దార్లో ఏమన్నా తాగావా?"

ఆన్యా నా చొక్కా లాగింది. "నాన్నా, ఆస్క్ హర్ విచ్ కంట్రీ."

"పిచ్చి ప్రశ్నలు వేయకూడదు," అని కసిరాను. ప్రశాంతి నా మొహంలోకి చూసింది. "అడగండి," అంది.

అడిగాను.

"నోవా స్కోషియా," అంది పెగ్గీ. "హాలిఫాక్స్ నుంచి కారులో రావాలని రాశాను కదా బాబూ. మీరెక్కడున్నారు?"

"మాల్టా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి కాక ఏదో బావిలోంచి వచ్చినట్టు వినబడింది.

అవును. కెనడాలో ఇంట్లోంచి బయల్దేరి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి, కెనడాలో గది తీసుకున్నాను. 'హాలిఫాక్స్ నుంచి' అని ఆవిడ రాసిన వాక్యం నేనూ చదివాను. దీవిలో ఫెర్రీ రేవు పేరు కాబోలు అనుకున్నాను.

ప్రశాంతి సూట్‌కేస్ పడుకోబెట్టి దాని మీద కూర్చుంది. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళు పెట్టెలు మోసిన మనిషి, మొదటిసారి సుఖపడదామని వచ్చి ఎర్రటెండలో పెట్టె మీద కూర్చుంటే, నాకు సముద్రంలో దూకాలనిపించింది. పైగా అది ఆ ఊరి చర్చి పండగ వారమట. పక్క వీధిలో ఉన్న బుల్లి గెస్ట్‌హౌస్‌లో అడిగితే నవ్వారు. ప్రశాంతి ఫోన్‌లోంచి నేను పిలిచిన ప్రతి హోటలూ నిండిపోయానంది. వారాల కిందట వంకలు పెట్టి కాదన్న చోట్లన్నీ వరసగా నన్ను కాదన్నాయి. కోడి కూసే ఇంటివాళ్ళతో సహా.

పెగ్గీ ఫోన్ పెట్టేయలేదు. అంతసేపూ లైన్లో ఉంది.

"బాబూ, నువ్విక ఏమీ చెయ్యకు. మీ ఆవిడకి ఫోనివ్వు."

ప్రశాంతితో మెల్లగా ఏదో మాట్లాడింది. ఏమన్నదో నాకిప్పటికీ చెప్పరు. మా ఆవిడ చిన్నగా నవ్వింది. లేచి ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టులోకి వెళ్ళి, కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ చేతికి ఫోనిచ్చింది. ఆవిడ పేరు కార్మెలా. అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు. అటు పెగ్గీ కథంతా చెబుతోంది. ఇటు కార్మెలా వింటూ నా వైపు చూసింది, కళ్ళు తుడుచుకుంది, కొట్లో ఉన్నవాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పింది. వాళ్ళు కూడా నా వైపు చూశారు. మహాసముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఒకేసారి నవ్వులపాలైన తెలుగువాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

నవ్వడం అయ్యాక కార్మెలా కొట్టు మూసేసింది.

"మా మేడ మీద గది ఉంది. మా ఆయన అందులో ఊరి బ్యాండ్ వాయిద్యాలు పెడతాడు. సర్దుకుంటారా?"

సర్దుకోవడమా! చెట్టు కింద పడుకోమన్నా పడుకునేవాణ్ణి. గది నిండా ఇత్తడి బాకాలు, డోళ్ళు. నా తల దగ్గర ఒక బాకా నోరు తెరుచుకుని ఉంది, అది కూడా నన్ను చూసి నవ్వుతున్నట్టే. కిటికీ తెరిస్తే మాత్రం ఎదురుగా సముద్రం. ఏ హోటల్ ఫోటోలోనూ నేనంత సముద్రం చూడలేదు.

ఆ వారం రోజులూ కార్మెలా మమ్మల్ని అద్దెకొచ్చినవాళ్ళలా చూడలేదు, బంధువుల్లా చూసింది. మేం శాకాహారులమంటే, టమాటా, ఆలివ్ నూనె రాసిన రొట్టెలూ, చీజ్ పెట్టిన కజ్జికాయల్లాంటివీ చేసి పెట్టింది. ప్రశాంతి ఆవిడ వంటింట్లో నించుని పులిహోర కలిపితే కార్మెలా మొగుడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. పండగ రోజు ఊరేగింపులో మేడల మీంచి రంగుకాగితాలు వానలా కురుస్తుంటే, ఆన్యా బ్యాండ్ వాళ్ళ మధ్య తాళాలు వాయిస్తూ నడిచింది. ప్రశాంతి జుట్టు నిండా రంగుకాగితాలు. ఎండకి మొహం ఎర్రబడింది. నా చెయ్యి పట్టుకుని అంది.

"మీరు మంచి హోటల్ తీసుకుని ఉంటే, ఇదంతా బాల్కనీలోంచి చూసి లోపలికెళ్ళి పడుకునేవాళ్ళమండీ."

"అయితే నేను చేసింది మంచిదే అంటావా?"

"నేనలా అనలేదు," అంది.

మా కోసం ఉంచిన గదిని పెగ్గీ ఎవరికీ ఇవ్వలేదు. "ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది రండి, మీ గది మీదే" అంది. వెళ్ళకపోతే మనుషులమా? మరుసటి ఏడాది వేసవిలో హాలిఫాక్స్‌లో దిగి, కారు తీసుకుని, పొగమంచులో తడుముకుంటూ వెళ్ళాం. నీలం తలుపు తెరిచి పెగ్గీ ప్రశాంతిని వాటేసుకుంది. ఆ ఊళ్ళో నాకు పరిచయం అక్కర్లేకపోయింది. పాలు కొందామని కొట్టుకి వెళితే కొట్టాయన, "ఓహో, మాల్టా మీదుగా వచ్చింది మీరేనా?" అన్నాడు. చర్చి గుమ్మం దగ్గర ఒకాయన నన్ను పట్టుకుని, "ఇది చెక్కే, కొట్టి చూసుకో" అన్నాడు.

చివరి రోజు వరండాలో, కార్మెలాతో వీడియో కాల్ పెట్టుకుని టీ తాగుతుండగా పెగ్గీ ఒక కబురు చెప్పింది. ఆ రోజు ఫోన్లో మొదలైన స్నేహం ఆగలేదట. ప్రతి ఆదివారం తనూ కార్మెలా మాట్లాడుకుంటారట. భర్త పోయాక ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళని పెగ్గీ, వచ్చే పండక్కి మాల్టా వెళుతోందట. ఆ మాట చెప్తూ చిన్నపిల్లలా సిగ్గుపడింది. నా గుండె నిండిపోయింది. నా వెధవతనం వల్ల ఇంత మంచి జరిగిందా అనిపించి ఆవేశం ఆపుకోలేకపోయాను.

"మీరేం కంగారుపడకండమ్మా," అన్నాను, ఫోన్ తీస్తూ. "మీరు ఎక్కడుండాలో నేను చూసి పెడతా."

"వద్దు!" అని పెగ్గీ, ప్రశాంతి, ఆన్యా ఒక్క గొంతుతో అరిచారు. వీడియో కాల్‌లో ఉన్న కార్మెలా అరుపు కాస్త ఆలస్యంగా వచ్చింది.

అందుకే ఆ సాయంత్రం రేవుకి వెళ్ళి, చెప్పులు విడిచి, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఈ జన్మలో నాకు గానీ, నా వాళ్ళకి గానీ, దారిన పోయే పిల్లికి గానీ నేను గది వెతకను, వెతకను, వెతకను. అట్లాంటిక్ మహాసముద్రమే సాక్షి. అది అట్లాంటిక్కేనా అని ముందు మా అమ్మాయిని అడిగి ఖాయం చేసుకున్నాను లెండి.